సెల్లార్‌లో బుడమేరు, గ్రూప్‌లో బిల్లు

"అత్యవసర మెయింటెనెన్స్: ఒక్కో ఫ్లాట్‌కు రూ.17,000. పది రోజుల్లోగా కట్టవలెను. ఇట్లు, సెక్రటరీ."

2024 సెప్టెంబర్ 14, శనివారం రాత్రి. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఈ మెసేజ్ పడిన ఐదు నిమిషాలకి రెండు దండాలు, ఒక కోపం ఎమోజీ, 302 ఆంటీగారి నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ వచ్చాయి. వాయిస్ మెసేజ్ నేను వినలేదు. విన్నవాళ్లు తర్వాత చెప్పిన దాని ప్రకారం అందులో మొదటి మూడు నిమిషాలు బిల్డర్ గురించేనట.

మా అపార్ట్‌మెంట్ విజయవాడ పాయకాపురంలో ఉంది. కింద సెల్లార్, దాని మీద గ్రౌండ్ ఫ్లోర్, ఆపైన నాలుగంతస్తులు. అంతస్తుకి నాలుగు చొప్పున 20 ఫ్లాట్లు. మాది 203. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి, రిటైరయ్యే ముందు లోన్ పెట్టి కొన్న ఇల్లు. నెల మెయింటెనెన్స్ 900 రూపాయలు. అంటే సెక్రటరీగారు ఒక్క మెసేజ్‌తో దాదాపు 19 నెలల డబ్బు అడిగారన్నమాట. అదీ సగం ఇళ్లలో ఇంకా పరుపులు ఎండని వారంలో.

ఆ మెసేజ్ దాకా రావాలంటే ముందు ఫ్లైఓవర్ దగ్గరికి వెళ్లాలి.

సెప్టెంబర్ 1 ఆదివారం పొద్దున్నే నాన్న ఫోన్ చేశారు. "సెల్లార్‌లోకి నీళ్లొస్తున్నాయిరా. బండి పైకి తెద్దామని దిగితే మోకాళ్ల దాకా ఉన్నాయి." నేను హైదరాబాద్‌లో రూమ్‌లో నిద్రమత్తులో ఉన్నా. "మోటర్ వేసి తోడించండి నాన్నా" అన్నాను. మోటర్ ఉన్నదే సెల్లార్‌లో అని నాకు అప్పుడు తట్టలేదు. గంట తర్వాత మళ్లీ ఫోన్. ఈసారి గొంతు మారింది. "గ్రౌండ్ ఫ్లోర్‌లోకి వచ్చేశాయి. జీ-3 మామ్మగారిని పైకి తీసుకొచ్చాం." ఆ తర్వాత రెండు రోజులు ఫోన్ కలవలేదు.

బయల్దేరదామంటే దారి లేదు. కేసముద్రం దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. నందిగామ దగ్గర ఐతవరంలో మున్నేరు హైవే మీదికొచ్చింది. చివరికి బుధవారం బస్సు దొరికి నెహ్రూ బస్టాండ్‌లో దిగాను. బస్టాండ్ దగ్గర బెజవాడ మామూలుగానే ఉంది, టీ కొట్లు నడుస్తున్నాయి. అది చూసి 'టీవీలో ఎక్కువ చేసి చూపిస్తున్నారేమో' అనుకున్నాను కూడా. ఆటో అతను సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీద ఆపి, "ఇంక ఇక్కణ్ణుంచి నీ ఇష్టం బాబూ" అన్నాడు.

ఆ ఫ్లైఓవర్ మీద నుంచి చిన్నప్పటి నుంచీ వందలసార్లు కిందికి దిగాను. ఆ రోజు దిగడానికి కింద రోడ్డు లేదు. నీళ్లలోంచి కార్ల కప్పులు కనిపిస్తున్నాయి. పడవల కోసం, ట్రాక్టర్ల కోసం జనం ఎదురుచూస్తున్నారు. పాల ప్యాకెట్ల సంచి నెత్తిన పెట్టుకుని ఒకాయన ఛాతీ లోతు నీళ్లలో నడిచిపోతున్నాడు. పైన డ్రోన్‌లు అన్నం పొట్లాలు మోసుకెళ్తున్నాయి. డ్రోన్‌ని పెళ్లి వీడియోల్లో తప్ప చూడని మా ఊరు అవి తలెత్తి చూస్తోంది.

ట్రాక్టర్ మీద కొంత, నడుం లోతు నీళ్లలో కొంత నడిచి ఇంటికి చేరాను. మా రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌లో ఏడుగురున్నారు. అమ్మ, నాన్న, జీ-3 మామ్మగారు, వాచ్‌మన్, అతని భార్య, ఇద్దరు పిల్లలు. వాచ్‌మన్ కుటుంబం ఉండేది సెల్లార్ గదిలోనే. నీళ్ల చప్పుడికి లేచి పిల్లల్ని ఎత్తుకుని మెట్లెక్కారు. వెనక్కి వెళ్లి తెచ్చుకోవడానికి ఇంకేం మిగల్లేదు.

రెండో అంతస్తులో మాకు చుక్క తడి తగల్లేదు. కానీ బోరు మోటర్, సంప్ మోటర్, ప్యానెల్ బోర్డు, కరెంటు మీటర్లు, జనరేటర్, లిఫ్ట్ గొయ్యి, అన్నీ సెల్లార్‌లోనే. పైన ట్యాంక్ రెండో రోజుకే ఖాళీ. నేను తెచ్చిన ఆరు లీటర్ల మంచినీళ్లని అమ్మ గ్లాసులతో కొలిచి పోసింది. ఇంటి దస్తావేజులో 'అవిభాజ్యపు వాటా' అని ఒక మాట ఉంటుంది, గుర్తుందా? లోన్ కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు ఎవరూ చదవని మాట. అదేంటో ఆ గ్లాసుతో అర్థమైంది. మా ఇల్లు రెండో అంతస్తులో ఉందనుకున్నాం గానీ, దాని గుండెకాయ సెల్లార్‌లో ఉంది. అది ఇరవై ఇళ్లకీ ఒకటే.

సెప్టెంబర్ 7న, వినాయక చవితి రోజు, బుడమేరు గండ్లలో చివరిదైన మూడోదాన్ని పూడ్చారు. సైన్యం కూడా వచ్చి చేయి వేసింది. ఆ తర్వాత మా వీధిలో నీళ్లు మెల్లగా తీశాయి. సెల్లార్ మాత్రం దానంతటది ఖాళీ కాదు కదా. డీజిల్ ఇంజన్ అద్దెకు తెచ్చి రెండు రోజులు తోడితే కింద మిగిలింది బురద, పద్నాలుగు బైకులు, చచ్చిన చేపలు, ఎవరిదో అట్లపెనం. పెట్రోలు, మురుగు కలిసిన ఆ వాసన నా బూట్లలో నెల దాకా పోలేదు.

తర్వాత ఎస్టిమేట్లు మొదలయ్యాయి. లిఫ్ట్‌కి 1,45,000. ప్యానెల్ బోర్డు, కేబుళ్లకి 85,000. జనరేటర్ 60,000. తోడకం, బురద ఎత్తడం 38,000. రెండు మోటర్ల వైండింగ్, స్టార్టర్లు 32,000. సంప్ కడగడం, ట్యాంకర్లు 20,000. మొత్తం 3,80,000. అసోసియేషన్ ఖాతాలో ఉన్నది 41,200. మిగతా 3,38,800ని ఇరవైతో భాగిస్తే 16,940. సెక్రటరీగారు దాన్ని గుండ్రంగా 17,000 చేశారు. ఆ అరవై రూపాయల మీద కూడా గ్రూప్‌లో ఒక గంట గొడవైంది.

సెక్రటరీగారు ఉండేది జీ-1లో. ఆయన బీరువాలో ఉన్న అసోసియేషన్ పుస్తకాలన్నీ నీళ్లలో నానాయి. వాటిని టెర్రస్ మీద ఆరబెట్టే పని నాకు పడింది. పేజీకీ పేజీకీ మధ్య పాత న్యూస్‌పేపర్ ముక్క పెట్టి, మీద చెప్పులు బరువు పెట్టి కూర్చున్నా. మినిట్స్ పుస్తకంలో సిరా పాకింది గానీ చదవడానికి వస్తోంది. 2018 డిసెంబర్ మీటింగ్ పేజీ దగ్గర ఆగిపోయాను.

విషయం: 2019 జనవరి నుంచి నెల మెయింటెనెన్స్‌కి 200 రూపాయలు కలిపి, ఆ కలిపింది కార్పస్ ఫండ్‌గా బ్యాంకులో వేయడం. అనుకూలం 9. వ్యతిరేకం 11. తీర్మానం వీగిపోయినది. వ్యతిరేకించినవాళ్ల సంతకాల్లో ఏడోది నాన్నది.

ఆ సంతకం చేయించింది నేనే. అప్పటికి ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. మీటింగ్‌కి వెళ్లే ముందు నాన్న ఫోన్ చేసి "ఏమంటావురా?" అని అడిగారు. నేను చాలా తెలిసినవాడిలా, "ఖర్చేం లేకుండా ఫండ్ ఎందుకు నాన్నా? ఎవరో ఒకరు తినేస్తారు. అవసరం వచ్చినప్పుడు వేసుకుందాం, వద్దనండి" అన్నాను. నాన్న ఒక్కరు చెయ్యి అటు ఎత్తి ఉంటే 10–10. అప్పటి ప్రెసిడెంట్ ఫండ్ పెట్టాలన్నవాడే, తన ఓటు కలిపి గట్టెక్కించేవాడు.

లెక్క వేశాను, వేయకుండా ఎలా ఉంటాను. 200 చొప్పున 20 ఫ్లాట్లు, నెలకు 4,000. 2019 జనవరి నుంచి 2024 ఆగస్టు దాకా 68 నెలలు. 2,72,000. వడ్డీ సంగతి వదిలేయండి. వరద తర్వాత ఒక్కొక్కరం ఇంకో 3,340 వేసుకుంటే సరిపోయేది. నిజానికి మొత్తం లెక్క ఒకటే, అప్పుడు కట్టినా ఇప్పుడు కట్టినా 16,940. కానీ నెలకు 200 ఇవ్వడం వేరు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, బైకు ఒకేసారి పోయిన వారంలో 17,000 ఇవ్వడం వేరు. సంపాదించేవాడికి ఆ తేడా తెలీదు, నాకు తెలీలేదు. పింఛన్ మీద బతికే జీ-3 మామ్మగారికి తెలుస్తుంది.

సెప్టెంబర్ 22 ఆదివారం సాయంత్రం టెర్రస్ మీద మీటింగ్. అప్పటికి ప్రభుత్వం సాయం ప్రకటించింది. నీళ్లు చేరిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25,000, పై అంతస్తులకు 10,000. పాడైన బైకుకి 3,000. ఆ అంకెలు మీటింగ్‌లోకి మాకంటే ముందే వచ్చి కూర్చున్నాయి.

"లిఫ్ట్ ఎక్కనివాడు లిఫ్ట్‌కి ఎందుకు కట్టాలండీ?" అని జీ-2 అంకుల్ మొదలుపెట్టారు.

"మీకు పాతికవేలు వస్తున్నాయిగా అన్నయ్యగారూ, మాకు పదే" అంది 302 ఆంటీ.

"పాతికవేలకి నా ఇంట్లో తలుపులు కూడా రావమ్మా. వచ్చి చూడు, ఉబ్బి తెరుచుకోవట్లేదు."

"నేనసలు సెల్లార్‌లో బండే పెట్టను. బురద ఎత్తినందుకు నేనెందుకివ్వాలి?" ఇది 401. ఆయన కారు వీధిలో పెడతారు, దాని మీద ఇంకో పాత గొడవ ఉంది, అది ఇప్పుడొద్దు.

104 ఓనర్ ఉండేది వేరే ఊళ్లో. స్పీకర్‌ఫోన్‌లో "టెనెంట్స్ ఖాళీ చేసేశారు, అద్దె రాదు, నన్ను ఆర్నెల్లు వదిలేయండి" అన్నాడు. 102 అంకుల్ మొదటి అంతస్తుకి మెట్లు చాలన్నారు. ఇలా ఒక్కొక్కరూ తమకి అక్కర్లేనిదాన్ని తీసేసుకుంటూ పోతే చివరికి లిఫ్ట్ నాలుగో అంతస్తువాళ్లది, మోటర్ నీళ్లు వాడేవాళ్లది, సెల్లార్ బుడమేరుది అయ్యేట్టుంది.

నేను ల్యాప్‌టాప్‌లో ఒక షీట్ చేసి తీసుకెళ్లాను. మూడు కాలమ్‌లు. ఒకటి చదరపు అడుగుల లెక్క, రెండోది అందరికీ సమానం, మూడోది లిఫ్ట్ ఖర్చు పై అంతస్తులకే వేసి మిగతాది అందరికీ పంచడం. చదరపు అడుగుల లెక్కలో మా ఫ్లాట్‌కి ఓ పదకొండు వందలు తగ్గుతుంది. అందుకే దాన్ని ముందు పెట్టాను. ఎవరూ గమనించలేదనుకున్నా. నాన్న మాత్రం షీట్ చూసి నా వైపు ఒక చూపు చూశారు. ముప్పై ఏళ్లు టికెట్ లేనివాణ్ణి బస్సులో అంత దూరం నుంచే పట్టుకున్న చూపు అది.

మూడో కాలమ్ ప్రకారం గ్రౌండ్ ఫ్లోర్‌కి 9,690. పైవాళ్లకి 18,752. సమానంగా పంచిన దానికంటే పైవాళ్లకి పడే భారం 1,812 రూపాయలు. ఆ 1,812 కోసం మూడు గంటలు వాదించుకున్నాం. వాళ్లందరూ చెడ్డవాళ్లు కాదు. వరద రోజుల్లో ఇదే 302 ఆంటీ గ్యాస్ పొయ్యి మీద ఇరవై ఇళ్లకీ గంజి కాచింది. 401 ఆయన తాడు కట్టుకుని నీళ్లలో దిగి మందులు తెచ్చారు. నీళ్లున్నన్నాళ్లూ ఎవరూ ఎవరి వాటా ఎంతని అడగలేదు. నీళ్లు పోయాకే అడిగాం.

నాన్న లేచారు. చేతిలో ఆ ఉబ్బిన మినిట్స్ పుస్తకం. "2018లో నెలకి రెండొందలు వేసుకుందామంటే పదకొండు మందిమి వద్దన్నాం. చెయ్యెత్తినవాళ్లలో నేనొకణ్ణి. వేసుకుని ఉంటే ఇవాళ మనం 3,340కి కూర్చునేవాళ్లం. వద్దన్న పదకొండు మందిలో గ్రౌండ్ ఫ్లోర్‌వాళ్లు ఒక్కరూ లేరు, చూసుకోండి. కాబట్టి మూడో కాలమ్‌కి నేను ఒప్పుకుంటున్నా." అంతే. నా పేరు ఎత్తలేదు. ఎత్తుతారేమోనని నేను ల్యాప్‌టాప్ స్క్రీన్ లోపలికి తల దూర్చి కూర్చున్నా.

ఓటింగ్‌లో మూడో కాలమ్ గెలిచింది, 13–5. ఇద్దరు ఎటూ ఎత్తలేదు. అప్పుడు నాన్న ఇంకో వరస కలపమన్నారు. వాచ్‌మన్‌ది. సెల్లార్ గదికి డోర్ నంబర్ లేదు. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు 'ఇక్కడ ఇల్లేది?' అని వెళ్లిపోయారు. ఫ్లాట్‌కి వెయ్యి అని నాన్న అంటే బేరం ఆడి ఐదొందలకి తెచ్చారు. పదివేలు. దానికి 302 ఆంటీ తన పాత ఫ్రిజ్ కలిపింది. అదే మీటింగ్‌లో ట్రెజరర్ రాజీనామా చేశాడు. "కండక్టర్ కదండీ, లెక్కలు మీరే చూడండి" అని నాన్నని కూర్చోబెట్టారు.

ఈ గొడవ మాకొక్కళ్లకే అనుకునేవాణ్ణి. ఆఫీసులో చెబితే ఒక్కొక్కరూ తమ కథ విప్పారు. బెంగళూరులో ఉండే ఫ్రెండ్‌కి అదే ఏడాది మార్చి నీటి కరువులో అపార్ట్‌మెంట్ వాళ్లు ట్యాంకర్ల కోసం విడిగా బిల్లు వేశారు. అక్కడి అధికారులు 6,000 లీటర్ల ట్యాంకర్‌కి దగ్గరి దూరమైతే 600 రూపాయలని రేటు కట్టాల్సి వచ్చింది. డాలస్ దగ్గరుండే మా కజిన్‌కైతే ఇది మామూలే. అక్కడ దాన్ని స్పెషల్ అసెస్‌మెంట్ అంటారట, కట్టకపోతే బాకీ ఇంటి మీదే పడుతుంది. "మీవాళ్లు వాట్సాప్‌లో తిట్టుకుంటారు, మావాళ్లు లాయర్ లెటర్ పంపుతారు" అన్నాడు.

వాడే ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్ సంగతి చదవమన్నాడు. సముద్రం ఒడ్డున 12 అంతస్తుల అపార్ట్‌మెంట్. రిపేర్లు ఏళ్ల తరబడి వాయిదా పడ్డాయి. చివరికి కోటిన్నర డాలర్ల వసూలుకి ఒప్పుకున్నారు. ఫ్లాట్‌ని బట్టి 80 వేల డాలర్ల నుంచి 3 లక్షల పైదాకా. మొదటి కట్టుబడి 2021 జూలై 1న. జూన్ 24 అర్ధరాత్రి దాటాక బిల్డింగ్‌లో పెద్ద భాగం కూలిపోయింది. 98 మంది పోయారు. అది చదివిన రాత్రి నేను నాన్నకి ఫోన్ చేసి మన పిల్లర్లు ఎవరైనా చూశారా అని అడిగాను. "పడుకోరా" అన్నారు.

దసరాకి ఇంటికెళ్లినప్పుడు రిపేరు చేసిన మోటర్ ఆటోనగర్ నుంచి తెచ్చి బిగించాం. ఆ మర్నాడు నాన్న, "ఇంతకీ ఈ నీళ్లు ఎక్కణ్ణుంచొచ్చాయో చూసొద్దాం పద" అన్నారు. కొత్తగా సర్వీసు చేయించిన బండి మీద జక్కంపూడి, కొత్తూరు తాడేపల్లి వైపు వెళ్లాం. వెలగలేరులో రెగ్యులేటర్ ఉంది. బుడమేరు కొండల్లోంచి వచ్చి ఇక్కడ రెండు దారులవుతుంది. సహజంగా పోయే దారి బెజవాడ పక్కనుంచి కొల్లేటికి. ఊరు మునగకుండా తవ్విన మళ్లింపు కాల్వ ఇబ్రహీంపట్నం వైపు, కృష్ణలోకి. పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీళ్లు కూడా చివర్లో ఇదే కాల్వలో కృష్ణకి చేరతాయి.

చూస్తే లెక్క తేలికే. కానీ మళ్లింపు కాల్వ పనిచేయాలంటే కృష్ణ ఆ నీళ్లు తీసుకోవాలి. సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల 40 వేల క్యూసెక్కులు దాటి వచ్చాయి. 2009 అక్టోబర్‌లో వచ్చిన 11.10 లక్షల రికార్డు పోయింది. నది నిండుగా ఉంటే కాల్వ నీళ్లు ఎక్కడికి పోతాయి? వెనక్కి ఎగదన్నాయి. కట్ట బలహీనంగా ఉన్న చోట తెగింది. 2005లో కూడా బుడమేరు ఊరిని ముంచింది. కాల్వ వెడల్పు చేయాలి, కట్టలు ఎత్తాలి అని అప్పుడే అనుకున్నారు. పనులు మొదలై మధ్యలో ఆగాయి. ఈలోగా బుడమేరు పాత దారిలో ఇళ్లు లేచాయి, మాదీ అందులో ఉందేమో.

గండి పూడ్చిన చోట కొత్త మట్టి, రాళ్ల బుట్టలు ఇంకా తెల్లగా కనిపిస్తున్నాయి. నాన్న కట్ట మీద నిలబడి చాలాసేపు చూశారు. నేను "వీళ్లు కూడా రెండొందలు వద్దనుకున్నట్టున్నారు నాన్నా" అన్నాను. నవ్వుతారనుకున్నా. నవ్వలేదు.

అక్కణ్ణుంచి రెండు రోజుల తర్వాత అమ్మని తీసుకుని మేనమామ వాళ్లింటికి వెళ్లాను. నందివాడ మండలంలో ఊరు. బుడమేరు మా సెల్లార్ దాటి గన్నవరం మీదుగా పోయి కొల్లేట్లో కలిసే దారిలో వీళ్లుంటారు. మావయ్య గుమ్మంలోనే, "మీ సెల్లార్ నీళ్లన్నీ నా చెరువులోకే వచ్చాయిరా అల్లుడూ" అన్నాడు. చేపల చెరువు గట్టు తెగి, పెంచిన చేపలు ఎవరి పొలంలోకి పోయాయో. ఆయనకి నష్టం మా 20 ఫ్లాట్ల మొత్తం కంటే ఎక్కువ.

మా వసూళ్ల గొడవ చెబితే మావయ్య చిత్రంగా చూశాడు. "కాలవలో గుర్రపుడెక్క తీయించాలంటే మేం ఎకరానికింత అని వేసుకుంటాం. ఇంటికింత అనం." మరి కాలవ మొదట్లో ఉన్నవాడు, నాకు నీళ్లు ఎలాగూ వస్తాయిగా, నేనెందుకివ్వాలి అనడా అని అడిగాను. "అంటాడు. ప్రతి ఏడూ అంటాడు. చివరి పొలం వాళ్లు పోయి వాడి గుమ్మంలో కూర్చుంటారు. ఇస్తాడు." 1997లో నీటి సంఘాల చట్టం వచ్చి, ఈ పనికి ఎన్నికలు, అధ్యక్షులు వచ్చారు గానీ గుమ్మంలో కూర్చోవడం మాత్రం మానలేదట. నీటి తీరువా మాటెత్తితే మావయ్య పగలబడి నవ్వాడు. మొదటి పంటకి ఎకరాకు 200, ఆ రోజుల్లో పెంచిన రేటే. "మీ అపార్ట్‌మెంటోళ్లలాగే, పెంచుతామంటే ఎవరు ఊరుకుంటారు?" అన్నాడు.

ఆ ఐడియా నాకు నచ్చింది. 104 ఓనర్ ఇంకా కట్టలేదు. ఆయన ఉండేది నా ఆఫీసుకి ఆరు కిలోమీటర్లే. ఒక శనివారం వెళ్లి వాళ్లింట్లో కూర్చున్నా. టీ ఇచ్చారు. రెండోసారి వెళ్తే టిఫిన్ పెట్టారు. మూడోసారి వస్తున్నానని ఫోన్ చేస్తే డబ్బులే వచ్చాయి.

ఇప్పుడు ప్యానెల్ బోర్డు మొదటి అంతస్తు మెట్ల మలుపు దగ్గరికి ఎక్కింది. మెయింటెనెన్స్ 1,200 అయింది, అందులో 300 కార్పస్‌కి. ఈసారి ఓటింగ్ 14–6. వద్దన్న ఆరుగురిలో ఒకాయన గ్రూప్‌లో పెట్టాడు: "ఇప్పుడు వరద లేదు కదా, అవసరం వచ్చినప్పుడు వేసుకుందాం." నా మాటలే, అక్షరం పొల్లుపోకుండా. రిప్లై టైప్ చేసి చెరిపేశాను.

మామ్మగారి సంగతి చెప్పలేదు. ఆవిడ వాటా 9,690, వాచ్‌మన్ ఐదొందలు కలిపి 10,190. అది నేను చాటుగా కట్టేద్దామనుకున్నా. నాన్నకి ఫోన్‌పే చేసి "జీ-3 పేరు మీద రాసేయండి" అన్నాను. పది నిమిషాల్లో డబ్బులు వెనక్కొచ్చాయి. "ఆవిడ అడిగిందా నిన్ను?" అని మెసేజ్.

అక్టోబర్‌లో ఒక పొద్దున, నేను ఇంట్లోనే ఉన్నా, మామ్మగారు వచ్చారు. సాయం డబ్బు బ్యాంకులో పడిందట. చీర కొంగులోంచి నోట్లు తీసి బల్ల మీద పెట్టారు. 10,200. "లెక్క చూసుకో నాయనా, రసీదు రాయి" అన్నారు. నాన్న లెక్కపెట్టి రసీదు రాశారు. పది రూపాయలు వెనక్కివ్వాలి. నాన్న జేబులో చిల్లర లేదు. నా పర్సులో అసలు డబ్బులే లేవు, నేను డబ్బులు పట్టుకుని ఎన్నేళ్లయిందో. మామ్మగారికి ఫోన్‌పే లేదు.

"పర్లేదులే బాబూ, ఉంచండి" అన్నారావిడ.

"అలా కుదరదండీ" అంటూ నాన్న రసీదు తిప్పారు. బస్సులో చిల్లర లేనప్పుడు టికెట్ వెనక రాసేవాళ్లే, సరిగ్గా అలాగే, పెన్నుతో '10' వేసి చుట్టూ సున్నా చుట్టి ఆవిడ చేతిలో పెట్టారు.